గ్రేవీ అంతా పెనం అడుగునే ఉంది: ఇంట్లో స్వీడిష్ మీట్‌బాల్స్ చేసిన నా అనుభవం

స్వీడిష్ మీట్‌బాల్స్ ఇంట్లో చేయాలంటే ముందు మాంసం సంగతి తేల్చుకోవాలి. ఇక్కడ స్వీడన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా బ్లాండ్‌ఫ్యాష్ అని రాసిన కైమా ప్యాకెట్లు వరసగా పేర్చి ఉంటాయి. బీఫ్, పోర్క్ కలిపి రుబ్బినవి. చాలా ఇళ్లలో షొట్‌బుల్లర్, అంటే ఈ మీట్‌బాల్స్, దాంతోనే చేస్తారు. మా ఇంట్లో పోర్క్ తింటాం, బీఫ్ తినం, అందుకని ఇన్నేళ్లూ ఫ్రీజర్ సెక్షన్‌లో దొరికే చికెన్ ఉండలతో సరిపెట్టుకున్నాం. మేం ఉండేది వెస్టరోస్‌లో, స్టాక్‌హోమ్‌కి పడమరగా 100 కిలోమీటర్ల దూరం. మా ఆయన ఆఫీసులో ఒకాయన ఏటా అక్టోబర్‌లో మూస్ వేటకి వెళ్తాడు. మూస్ అంటే లేళ్ల జాతిలో అన్నిటికన్నా పెద్ద జంతువు, ఇక్కడి అడవుల్లో లక్షల్లో ఉన్నాయి, వేటకి సీజను, లైసెన్సు, ఎన్నింటిని కొట్టవచ్చో లెక్క అన్నీ ఉంటాయి. వచ్చిన మాంసం బృందమంతా పంచుకుని, కైమా పట్టించి, చలికాలమంతా వచ్చేలా డీప్ ఫ్రీజర్లలో సర్దుకుంటారు. అందులోంచి మాకూ కొంచెం ఇచ్చి, "దీంతో షొట్‌బుల్లరే చేసుకోండి, కానీ పోర్క్ కలపడం మర్చిపోకండి" అని చెప్పి పంపాడు.

పోర్క్ ఎందుకంటే కొవ్వు కోసం. మూస్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, ఒట్టిదే ఉండలు కడితే పెనం మీద పడగానే బిగుసుకుపోయి ఉన్న నీరంతా బయటికి వదిలేస్తుంది, లోపల పొడిగా గరుగ్గా మిగులుతుంది. చికెన్ బ్రెస్ట్ కైమాతో చేసినా ఇదే గొడవ. నేను మూస్ 400 గ్రాములు, పోర్క్ 400 గ్రాములు తీసుకున్నాను. రెండూ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి చల్లగా ఉండగానే కలపాలి, కొవ్వు కరగడం మొదలైతే ముద్ద జిడ్డుగా అయిపోయి ఉండ నిలవదు.

మాంసం కన్నా ముందు నానబెట్టాల్సింది బ్రెడ్ పొడి. ఒక డెసిలీటరు (అంటే 100 మిల్లీలీటర్లు) బ్రెడ్ పొడికి పాలూ క్రీమూ కలిపి రెండు డెసిలీటర్లు పోసి పది నిమిషాలు వదిలేశాను, బాగా ఉబ్బి జావగా అయ్యేదాకా. ఇక్కడి వంటల కొలతలన్నీ డెసిలీటర్లలోనే. ప్రతి ఇంట్లో డ్రాయర్ తీస్తే నాలుగు కొలత గరిటెలు ఒక రింగుకి గుచ్చి ఉంటాయి: డెసిలీటరు, టేబుల్ స్పూను, టీ స్పూను, అన్నిటికన్నా చిన్నది క్రిద్‌మోత్. క్రిద్‌మోత్ అంటే ఒక మిల్లీలీటరు, మసాలాలు కొలవడానికే. ఒక మిల్లీలీటరుకి విడిగా గరిటె పెట్టుకున్నారంటే ఈ వంటలో మసాలా ఎంత ఆచితూచి వేస్తారో ఊహించుకోండి.

ఈ నానిన బ్రెడ్ కైమాని పెంచడానికి వేసేదనీ, పేదరికంలో పుట్టిన అలవాటనీ కొందరు అంటారు. నాకైతే ఇదే అసలు కీలకం అనిపించింది. పాలు పీల్చుకున్న ఆ పిండి మాంసం పోగుల మధ్య చేరి వాటిని మరీ దగ్గరగా బిగుసుకోనివ్వదు, వేగుతున్నప్పుడు వచ్చే రసాన్ని కూడా పట్టి ఉంచుతుంది. అమ్మ చేసే కైమా ఉండల కూరలో పుట్నాల పొడి వేస్తుంది, అది ఉండ విడిపోకుండా పట్టుకోవడానికి, పైగా ఆ ఉండలు పులుసులో ఉడుకుతాయి కాబట్టి పొడిబారే భయం లేదు. ఇవి పులుసేమీ లేకుండా పెనం మీద వేగాలి. అందుకే పాలల్లో నానిన బ్రెడ్ ఇందులో ఉండి తీరాలి.

ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తురిమి వెన్నలో మెల్లగా వేయించాను, రంగు రానివ్వకుండా, పచ్చి ఘాటు పోయి తీపి వచ్చేవరకు. పచ్చిగానే వేసే ఇళ్లు కూడా ఉన్నాయి, కానీ పచ్చి ఉల్లిపాయ నీరు వదిలితే పెనం మీద రంగు సరిగ్గా రాదు, నా ఓటు వేయించిన దానికే. చల్లారాక కలపాలి.

వీడియో కాల్‌లో భీమవరం నుంచి అమ్మ ఇదంతా చూస్తోంది. "అల్లం వెల్లుల్లి ఎప్పుడు వేస్తావే?" అని అడిగింది. వేయనమ్మా అన్నాను. "ఏమే, అడవి జంతువు మాంసం, అల్లం వెల్లుల్లి లేకపోతే నీచు కొట్టదూ?" అంది. ఇది చాలామంది మనవాళ్ల మనసులో ఉండే ప్రశ్నే కాబట్టి నిజాయితీగా జవాబు చెప్తాను. కొట్టదు. మాంసం తాజాదైతే, వెన్నలో గట్టిగా ముదురు రంగు వచ్చేదాకా వేగితే ఆ వాసన ఉండదు. తోడుగా తెల్ల మిరియాల పొడి, ఆల్‌స్పైస్ పొడి ఉంటాయి. ఆల్‌స్పైస్ అంటే చాలా మసాలాలు కలిపిన పొడి అనుకుంటారు, కాదు, అది ఒకే చెట్టు కాయ, ఎండితే లావు మిరియం గింజలా ఉంటుంది, దంచితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడూ కలిసినట్టు వాసన వస్తుంది. 800 గ్రాముల మాంసానికి తెల్ల మిరియాలు మూడు క్రిద్‌మోత్‌లు, ఆల్‌స్పైస్ రెండు. అంతే. చెయ్యి ఇంకొంచెం వేయమని లాగుతుంది, ఆపుకోవాలి. ఎందుకంటే గ్రేవీ పుట్టేది ఈ ఉండలు వేగిన పెనంలోనే, ఇక్కడ గరం మసాలా పడితే ఆఖరికి గ్రేవీ కూడా గరం మసాలా గ్రేవీయే అవుతుంది, అప్పుడు పక్కన పెట్టుకునే పుల్లటి లింగన్ పండ్లకీ, వెనిగర్‌లో నానిన కీరదోసకీ పనే ఉండదు.

కలపడంలో ఒక వరస ఉంది. ముందు కైమాలో ఉప్పు ఒకటిన్నర టీ స్పూన్లు వేసి చేత్తో ఒక నిమిషం పిసకాలి, ఉప్పుకి మాంసంలోని ప్రోటీన్ కొంచెం కరిగి జిగురు వస్తుంది, ఉండ చెదరకుండా పట్టేది ఆ జిగురే. ఆ తర్వాత ఒక గుడ్డు, ఉల్లిపాయ, మసాలాలు, నానిన బ్రెడ్ వేసి కలిసేంతవరకే కలిపి ఆపేయాలి. ఇంకా పిసుకుతూ పోతే రబ్బరులా సాగుతుంది. ముద్ద చూడ్డానికి కొంచెం జారుగా ఉంటుంది, భయపడి ఇంకా బ్రెడ్ పొడి వేయకండి, ఫ్రిజ్‌లో అరగంట పెడితే అదే గట్టిపడుతుంది.

ఉండలు చుట్టే ముందు ఒక చిన్న ముద్ద పెనం మీద వేయించి రుచి చూడటం ఇక్కడి వంటవాళ్ల పద్ధతి. పచ్చి మాంసంలో ఉప్పు చూడలేం కదా, కాబట్టి ఇది దాటేయకండి. నాకు ఉప్పు సరిపోయింది, తెల్ల మిరియాలు మాత్రం ఇంకో చిటికెడు పడ్డాయి.

ఇక చుట్టడం. గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని, చేతులు తడుపుకుంటూ, చుట్టినవాటిని తడిపిన పళ్లెంలో పెట్టుకుంటూ పోవాలి, పళ్లెం పొడిగా ఉంటే అడుగు అంటుకుని తీసేటప్పుడు చితుకుతాయి. 3 సెంటీమీటర్ల వెడల్పు చాలు. అన్నీ ఒకే సైజు ఉండాలి, లేకపోతే చిన్నవి మాడతాయి, పెద్దవి లోపల పచ్చిగా ఉంటాయి. 800 గ్రాములకి 50 పైనే వచ్చాయి. మా ఆయన, పాప కూడా కూర్చున్నారు కాబట్టి త్వరగా అయిపోయింది. పాప చుట్టినవి కొంచెం పెద్దవి, వాటిని విడిగా ఒక వాయిగా వేయించాను.

వేయించడం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే సగం రుచి ఇక్కడే తయారవుతుంది. బరువైన ఇనప పెనం ఉంటే అదే వాడండి. మధ్య మంట మీద వెన్న వేస్తే ముందు నురగ వస్తుంది, చిటపటలాడుతుంది, అది వెన్నలోని నీరు ఆవిరయ్యే చప్పుడు. వెన్న కాచి నెయ్యి చేసిన ఎవరికైనా ఆ చప్పుడు ఆగే క్షణం తెలుసు. ఇక్కడ కూడా సరిగ్గా అదే గుర్తు: చప్పుడు తగ్గి, నురగ దిగి, లేత గోధుమ రంగు తిరిగి కమ్మటి వాసన వచ్చిన మరుక్షణం ఉండలు వేయాలి. ముందే వేస్తే నీళ్లలో ఉడికినట్టు బూడిద రంగులో ఉండిపోతాయి, ఆలస్యం చేస్తే వెన్న నల్లబడి గ్రేవీ అంతా చేదెక్కుతుంది. కొంచెం నూనె కలిపితే ఆ వెసులుబాటు కాస్త పెరుగుతుంది, నేను ఒక టీ స్పూను కలిపాను.

పెనం నింపేయకూడదు, ఉండకీ ఉండకీ మధ్య వేలు పట్టేంత చోటు ఉండాలి. మొదటి నిమిషం ముట్టుకోకూడదు. అడుగు గట్టిపడ్డాక పెనం పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే అవే దొర్లుతాయి, గరిటెతో తిప్పితే ఒకవైపు చదునుగా అయిపోతాయి. పిడి రెండు చేతులతో పట్టుకుని ఊపాల్సి వచ్చింది, ఇనప పెనం బరువు అలాంటిది. ఎనిమిది పది నిమిషాల్లో అన్నివైపులా ముదురు గోధుమ రంగు వచ్చేసింది. కైమా కాబట్టి లోపల 70 డిగ్రీలు దాటాలని ఇక్కడి ఆహార శాఖ చెప్తుంది, నా దగ్గర మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఉంది, అది లేకపోతే ఒకటి కోసి చూడండి, లోపల ఎరుపు ఉండకూడదు.

ఇప్పుడు ఒక వాయికీ ఇంకో వాయికీ మధ్య చేసే పని. ఉండలు తీసేశాక పెనం అడుగున గోధుమ రంగు చెక్కులు అంటుకుని ఉంటాయి. దాంట్లో అర డెసిలీటరు నీళ్లు పోసి, చెక్క గరిటెతో గీకుతూ కరిగించి, ఆ గోధుమ రంగు నీళ్లు ఒక కప్పులోకి వంపేసుకోవాలి. పెనం తుడిచి, కొత్త వెన్న వేసి తర్వాతి వాయి. అలా చేయడం వల్ల రెండు లాభాలు, అడుగున ఉన్నది తర్వాతి వాయిలో మాడిపోదు, రుచంతా కప్పులో పోగవుతుంది. అన్ని వాయిలూ అయ్యేసరికి నా దగ్గర ముదురు రంగు చారు రెండు డెసిలీటర్ల దాకా పోగైంది. ఒక్క చెంచా నోట్లో వేసుకుంటే చాలు, బజారులో దొరికే ఏ గ్రేవీ పొడిలోనూ ఈ రుచి ఉండదని తెలుస్తుంది. ఓవెన్‌లో 225 డిగ్రీల దగ్గర పెట్టేసి పది పదిహేను నిమిషాల్లో అన్నీ ఒకేసారి కాల్చేయవచ్చు, ఎక్కువమంది వస్తున్నప్పుడు చాలామంది అలాగే చేస్తారు, తప్పేమీ లేదు. కానీ గ్రేవీ కావాలనుకున్న రోజు పెనమే.

గ్రేవీ ఇలా చేశాను. అదే పెనంలో వెన్న రెండు టేబుల్ స్పూన్లు, మైదా మూడు టేబుల్ స్పూన్లు వేసి పచ్చి వాసన పోయేదాకా రెండు నిమిషాలు కలుపుతూ వేయించాను. కప్పులో పోగుచేసిన చారు కొంచెం కొంచెంగా పోస్తూ విస్క్‌తో తిప్పాను, ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ఆ తర్వాత స్టాక్, అంటే మాంసం ఎముకలు మరిగించిన రసం, రెండు డెసిలీటర్లు. మామూలుగా ఇక్కడ బీఫ్ లేదా దూడ మాంసం స్టాక్ వాడతారు, నేను చికెన్ స్టాక్ వాడాను. ఆపైన చిక్కటి క్రీమ్ రెండు డెసిలీటర్లు. కొవ్వు తక్కువ ఉన్న వంట క్రీమ్ కూడా దొరుకుతుంది, కానీ గ్రేవీ పల్చగా, రుచి తక్కువగా వస్తుంది, చేసేదే అప్పుడప్పుడు కాబట్టి చిక్కటిదే పోయండి. సోయా సాస్ ఒక టేబుల్ స్పూను. స్వీడిష్ వంటలో సోయా సాస్ ఏమిటని ఆశ్చర్యపోకండి, ఇక్కడి ఇళ్లలో బ్రౌన్ గ్రేవీకి రంగు, ఉప్పదనం ఇచ్చేది అదే. చివర్లో నల్ల ద్రాక్ష రంగులో ఉండే బ్లాక్‌కరెంట్ పండ్ల జెల్లీ ఒక టీ స్పూను, తెల్ల మిరియాలు. మూస్ మాంసం కాబట్టి జూనిపర్ కాయలు రెండు చితక్కొట్టి వేయమని ఆ వేట పెద్దమనిషి చెప్పాడు, వేశాను, అడవి చెట్ల వాసన సన్నగా తగిలింది, బాగుంది. పది నిమిషాలు చిన్న మంట మీద మరిగాక గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలిచింది, అప్పుడు ఉండలన్నీ అందులో వేసి రెండు నిమిషాలు వేడెక్కనిచ్చాను. ఎక్కువసేపు ఉడికించకూడదు, పైన వేగిన పొర మెత్తబడిపోతుంది.

పక్కన పెట్టుకునేవి మూడు. ఆలూ మ్యాష్‌కి పిండి ఎక్కువ ఉండే బంగాళాదుంపలు కావాలి, కింగ్ ఎడ్వర్డ్ రకం ఇక్కడ అన్నిచోట్లా దొరుకుతుంది. ఉడికించి, నీళ్లు వంపేసి, తడి ఆరనిచ్చి, చేత్తో నలిపి, వేడి పాలు, వెన్న, కాస్త జాజికాయ కలిపాను. మిక్సీలో మాత్రం వేయవద్దు, జిగురు జిగురుగా బంకలా తయారవుతుంది.

రెండోది ప్రెస్‌గుర్కా. కీరదోస సన్నగా చక్రాలు తరిగి, ఉప్పు చల్లి, పైన బరువు పెట్టి నీరు వదిలించి, వెనిగర్ నీళ్లలో నానబెట్టడం. స్వీడన్‌లో అందరికీ నోటికి వచ్చిన లెక్క ఒకటుంది, 12 శాతం వెనిగర్ ఒక వంతు, చక్కెర రెండు వంతులు, నీళ్లు మూడు వంతులు. బజారులో 24 శాతం వెనిగర్ సీసాలు కూడా ఉంటాయి, లేబుల్ చూసి కొనండి, అది నేరుగా వాడేది కాదు, సగానికి సగం నీళ్లు కలపాలి, కళ్లకి చర్మానికి తగిలితే మండుతుంది. పైన పార్స్లీ తరుగు, తెల్ల మిరియాలు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, లింగన్. ఎర్రగా చిన్నగా ఉండే పుల్లటి అడవి పండ్లు. సెప్టెంబర్‌లో పైన్ అడవుల్లో నేల మీద పొదలు పొదలుగా కాస్తాయి, ఎవరి అడవైనా సరే, పండ్లు కోసుకునే హక్కు ఈ దేశంలో అందరికీ ఉంది. మేం కోసి తెచ్చుకున్నవి ఫ్రీజర్‌లో ఉన్నాయి. ఉడికించనే అక్కర్లేదు, అరకిలో పండ్లకి 200 గ్రాముల చక్కెర వేసి కరిగేదాకా అప్పుడప్పుడూ కలుపుతూ ఉంటే చాలు, పండ్లలో సహజంగానే బెంజోయిక్ ఆసిడ్ ఉండటం వల్ల ఫ్రిజ్‌లో వారాల తరబడి పాడవదు. మాంసం, క్రీమ్, వెన్న మధ్య ఈ పులుపు ఒక్క చెంచా పడితే నోరు మళ్లీ తాజాగా అవుతుంది. పప్పన్నంలో ఆవకాయ నంజుకునే మనకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అమ్మకి అన్నిటికన్నా నచ్చింది కూడా ఇదే. "మన వాక్కాయలు చక్కెరేసి ఉడకబెడితే ఇలాగే ఉంటుందేమోనే" అంది. నాకూ నిజమే అనిపించింది. అక్కడ వర్షాకాలంలో వాక్కాయలు వచ్చినప్పుడు గింజలు తీసి, చక్కెరతో కాసేపు ఉడికిస్తే పులుపు, రంగు రెండూ దగ్గరగా వస్తాయి. హైదరాబాద్‌లో 2018లో తెరిచిన ఐకియాలో తిన్నవాళ్లకి ఈ కలయిక తెలిసే ఉంటుంది, అక్కడ బీఫ్, పోర్క్ లేకుండా చికెన్‌వి, కూరగాయలవి పెడుతున్నారు. ఇంట్లో చేసుకునేవాళ్లు చికెన్ తొడ మాంసం కైమా కొట్టించుకోండి, బ్రెస్ట్ వద్దు. ఐకియా కూడా 2020లో లాక్‌డౌన్ సమయంలో తమ వంటకాన్ని ఇళ్లలో చేసుకోవడానికి బయటపెట్టింది, అందులోనూ గ్రేవీలో సోయా సాస్ ఉంది, దానికి తోడు డిజాన్ ఆవాల ముద్ద కూడా.

భోజనం దగ్గర ఇదంతా అసలు టర్కీ నుంచి వచ్చిందట కదా అని మా ఆయన అన్నాడు. 2018లో స్వీడన్ అధికారిక ట్విట్టర్ ఖాతాయే అలా రాసింది, 12వ చార్లెస్ రాజు తెచ్చిన వంటకం ఆధారంగా పుట్టిందని. ఆ రాజు 1709లో పోల్తావా యుద్ధంలో రష్యా చేతిలో ఓడి, 1714 దాకా ఆటోమన్ రాజ్యంలో తలదాచుకున్న మాట చరిత్రే. కానీ మీట్‌బాల్స్ ఆయనతో వచ్చాయన్న మాటని ఆహార చరిత్ర చదివినవాళ్లు ఒప్పుకోరు. నాకు ఇంకో సంగతి ఎక్కువ నచ్చుతుంది: కత్తితో మాంసం సన్నగా కొట్టుకోవాల్సిన రోజుల్లో ఇది ఉన్నవాళ్ల వంట, 19వ శతాబ్దంలో ఇనప పొయ్యిలు, చేత్తో తిప్పే కైమా మరలు ఇళ్లలోకి వచ్చాకే అందరి వంట అయింది. ఆ మర వల్లే ఇవాళ ప్రతి బడిలో, ప్రతి ఇంట్లో ఇది ఉంది.

మిగిలినవాటి గురించి చెప్పి ఆపేస్తాను. గ్రేవీలో వేయకుండా కొన్ని పక్కన తీసి పెట్టుకోండి. చల్లారాక పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి సంచిలో వేసుకుంటే రెండు మూడు నెలలు బాగుంటాయి, కావాల్సినప్పుడు గడ్డకట్టినవే గ్రేవీలో వేసి పది నిమిషాలు చిన్న మంట మీద ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో పెట్టినవి మర్నాడు సగానికి కోసి, బ్రెడ్ మీద వెన్న రాసి, పైన బీట్‌రూట్ సలాడ్ పరిచి పెట్టుకోండి. వెనిగర్‌లో ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలు, మయోనీజ్ కలిపితే వచ్చే గులాబీ రంగు సలాడ్ అది, ఇక్కడ డబ్బాల్లో అమ్ముతారు. మా పాప ఈ చల్లటి శాండ్‌విచ్‌నే వేడి భోజనం కన్నా బాగుందంది, వచ్చే శనివారానికి మళ్లీ పోర్క్ కైమా తెమ్మని వాళ్ల నాన్నకి అప్పుడే చెప్పేసింది.